చూరులో బొమ్మ

ఆ బొమ్మను కుట్టింది నేనే. 2023 ఆగస్టులో, నర్సీపట్నంలో ఒక లాడ్జి గదిలో కూర్చుని, పాత బనియను చింపి, లోపల దూది కుక్కి, నల్లదారంతో కుట్టాను. కళ్ల చోట రెండు చొక్కా గుండీలు పెట్టాను. కింద కొట్లో గుండుసూదుల డబ్బీ కొనుక్కొచ్చి గుండె దగ్గర, కడుపు దగ్గర, మెడ దగ్గర గుచ్చాను. బయట వాన. బొమ్మ బాగా కుదిరిందని ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న దర్శకుడికి పంపాను. అదిరింది అని జవాబొచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సినిమా కథల మీద పనిచేస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఎవరి కథకో సీన్లు రాయడం, ఎవరి సీన్లకో మాటలు దిద్దడం. నా పేరు తెర మీద ఎప్పుడూ పడలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 21న ‘విరూపాక్ష’ విడుదలైంది. ఊరు, చేతబడి, వరుస చావులు. జనం బాగా చూశారు. ఆ వేసవి తిరిగేలోపే ఆఫీసుల్లో అందరి నోటా ఒకటే మాట, అలాంటిది మీ దగ్గర ఏమైనా ఉందా అని. నా దగ్గర ఉంది.

2005లో వచ్చిన ‘ది స్కెలిటన్ కీ’ అనే అమెరికన్ సినిమా ఏళ్ల తరబడి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. లూసియానాలో చిత్తడి నేలల మధ్య ఒక పాత బంగళా. మంచాన పడ్డ ముసలాయనకు సపర్యలు చెయ్యడానికి ఒక అమ్మాయి వస్తుంది. అటక మీద తాళం వేసిన గది ఉంటుంది. ఒకప్పుడు ఆ ఇంట్లో పనిచేసిన నల్లజాతి దంపతుల మంత్రసామగ్రి అంతా అందులోనే. ఆ విద్యను అక్కడ హూడూ అంటారు. ఇంటి పిల్లలకు మంత్రాలు నేర్పుతున్నారని, విందుకొచ్చిన దొరలంతా కలిసి ఆ దంపతులను ఉరితీసి తగలబెడతారు. గడపకు అడ్డంగా ఇటుకపొడి గీత గీస్తే కీడు తలపెట్టినవాళ్లు దాటలేరు. నన్ను పట్టేసిన సంగతి ఇంకొకటుంది. ఆ మంత్రం నమ్మినవాళ్ల మీదే పనిచేస్తుంది. నమ్మనంతసేపూ నీ జోలికి రాలేదు. అమెరికా దక్షిణాదిలో పాత పాపాలు దయ్యాలై తిరిగే ఇలాంటి కథలను సదరన్ గోతిక్ అంటారు. మనకూ పాత బంగళాలున్నాయి, అడవులున్నాయి, పాపాలున్నాయి. మా వైపు కొండల్లోని కొయ్యూరు ఎందుకు కాకూడదు అనిపించింది.

కొయ్యూరు అనిపించడానికి కారణం మా ఇల్లు. మాది నర్సీపట్నం. మా తాత కొండ సంతల్లో ఉప్పూ కిరసనాయిలూ అమ్మి చింతపండు, అడ్డాకులు కొనుక్కొచ్చేవాడు. మా ఇంట్లో ఏజెన్సీ అంటే రెండే మాటలు వినబడేవి. ఒకటి జ్వరం, రెండోది చిల్లంగి. మైదానంలో చేతబడి అన్నదాన్నీ, తెలంగాణలో బాణామతి అన్నదాన్నీ మా వైపు కొండల్లో చిల్లంగి అంటారు. చీకటి పడ్డాక ఆ మాట ఎత్తితే మా నాన్నమ్మ నోటి మీద కొట్టేది. ఆ భయమే నాకు పెట్టుబడి అనుకున్నాను.

కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు చేరాను. మొదటి రెండు రోజులూ దొరల కాలం నాటి బంగళాలు, వాటిలో తిరిగే తెల్లదొర దయ్యం గురించి అడిగాను. ఎవరూ ఆసక్తి చూపించలేదు. దొర మాట ఎత్తితే చాలు, అందరూ అల్లూరి సీతారామరాజు దగ్గరికే వచ్చేవారు. మంప దగ్గర పట్టుకున్నారనీ, ఇక్కడికి తెచ్చి కాల్చారనీ, సమాధి కృష్ణదేవిపేటలో ఉందనీ. 1924 మే 7 మొన్నటి రోజన్నట్టు చెప్పేవారు. తుపాకీ గుండ్లు ఆయన్నేమీ చెయ్యవని అప్పట్లో కొండంతా నమ్మింది. ఆ నమ్మకంతోనే విల్లంబులు పట్టుకుని పోలీసు స్టేషన్ల మీదికి వెళ్లారు. నమ్మకం మనిషిని అలా కూడా లేపుతుందని ఆ కబుర్లలోనే ఉంది. నాకు కావలసింది అది కాదు కనుక నోటు పుస్తకంలో ఎక్కించుకోలేదు.

మూడో రోజు లోపలి ఊరికి వెళ్లాను. ఊరి పేరు రాయను. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు బండి మీద తీసుకెళ్లాడు. అన్నా అని పిలిచేవాడు. అక్కడ అరుగు మీద కూర్చుని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఈ ఊళ్లో చిల్లంగి తెలిసినవాళ్లు ఎవరు?”

ఉందా అని కాదు, మీరు నమ్ముతారా అని కాదు, ఎవరు అని అడిగాను. అలా అడిగితే ఎవరో ఒకరు ఉండి తీరాలి. కథకు దోషి కావాలి గనుక నేను అలాగే అడిగాను. ఒక నడివయసు మనిషి గొంతు తగ్గించి ఒక పేరు చెప్పాడు. సాయంత్రం ఇంకో ఇంట్లో అడిగితే అదే పేరు. మర్నాడు బోరింగు దగ్గర ఒక కుర్రాడు కూడా అదే పేరు చెప్పాడు. ముగ్గురు మనుషులు విడివిడిగా ఒకే పేరు చెబితే అంతకంటే ఏం కావాలని ఒళ్లు జలదరించింది. 

ముగ్గురూ పేరు చెప్పిన ఆ తాత ఇల్లు ఊరి చివర. తాటాకు కప్పు, ఎర్రమన్నుతో అలికిన గోడలు. నేను వెళ్లేసరికి కొండచీపుర్లు కట్టుకుంటున్నాడు. పాముకాటుకూ, విరిగిన ఎముకకూ, పచ్చకామెర్లకూ వేరుమందు ఇస్తాడు. చిల్లంగి గురించి అడిగితే నవ్వాడు. “అదేటి బాబూ, అలాంటివుంటే నేనిలా చీపుర్లు కట్టుకుంటానేటి?” అన్నాడు. దాస్తున్నాడనుకున్నాను. మనిషి మీద ముందే ఒక ముద్ర వేసుకుని చూస్తే అతని నవ్వు కూడా అదోలా కనబడుతుంది.

సినిమాకు నమూనాగా చిన్న వీడియో తీసుకుంటాను, రాత్రిపూట చెట్టు కింద కూర్చుని నేను చెప్పినట్టు చెయ్యాలి, రెండువేలు ఇస్తాను అన్నాను. ఆయన భార్య, ముసలమ్మ, వద్దంది. తాత కొంచెంసేపు ఆలోచించాడు. వానాకాలం, చేతిలో రూపాయి ఆడని రోజులు. ఒప్పుకున్నాడు. ముందు మోదకొండమ్మకు దండం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి జరిగింది మొత్తం నా చేతి పని. నిమ్మకాయలు నర్సీపట్నం బజారువి. కుంకుమ పొట్లం నేను తెచ్చిందే. ముగ్గు నన్ను బండి మీద తెచ్చిన కుర్రాడి చేత వేయించాను. ముఖం మీద వెలుగు కింది నుంచి పడాలని బ్యాటరీ లైటు ఆకుల మధ్య దాచాను. బొమ్మను చేతిలో పెట్టాను. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుండీ కళ్లను బొటనవేలితో తడిమి, “ఈ బొమ్మేటి బాబూ?” అని అడిగాడు. అరవై ఏళ్లు పైబడినవాడు, ఆ కొండల్లో పుట్టి పెరిగినవాడు, అలాంటి వస్తువు చూడడం అదే మొదటిసారి. నేనెక్కడ చూశానా అని తర్వాత ఆలోచించాను. చిన్నప్పుడు చదివిన ‘తులసిదళం’ తరహా నవలల అట్టల మీద, సినిమాల్లో, సీరియళ్లలో. బొమ్మ కొండది కాదు. పుస్తకాల్లోంచి నా తలలోకి, నా తలలోంచి ఆయన చేతిలోకి వచ్చింది.

పెదాలు కదపమన్నాను. ఏం పలకాలి అన్నాడు. ఏదో ఒకటి అన్నాను. ఆయన తన మేకల పేర్లు పలికాడు. మూడు నిమిషాల వీడియో.

పొద్దున్నే బయల్దేరుతుంటే బొమ్మ తిరిగి ఇవ్వబోయాడు. “ఉంచు తాతా, షూటింగుకి పనికొస్తుంది” అన్నాను. ఎదుటివాడు ఇచ్చినదాన్ని పారేయకూడదని ముసలమ్మ దాన్ని పాత గుడ్డలో చుట్టి చూరులో దోపింది. వీడియో చూస్తానంటే కుర్రాడికి పంపాను. వాడు సరదాపడి స్టేటస్ పెట్టుకున్నాడు. వాడిని తప్పు పట్టను. పంపింది నేను.

సెప్టెంబరు చివర ఆ ఊళ్లో ఏడేళ్ల పిల్లాడికి చలిజ్వరం వచ్చింది. ఇది నాకు తర్వాత ఆశా కార్యకర్త చెప్పింది. ఆమె మాటల్లోనే గుర్తుంది. “మూడోరోజుకి ఫిట్స్ వచ్చాయి సార్. సంధిలో పడి ఏవేవో మాట్లాడాడు. అదంతా చిల్లంగే అన్నారు. అందరి ఫోన్లలో ఆ వీడియో ఉంది కదా. పిల్లాణ్ణి నా దగ్గరికి తేలేదు, అవతలూరు గురువు దగ్గరికి తీసుకెళ్లారు, తీయించడానికి. రెండు రోజులు అక్కడే.” ఫాల్సిపేరం రకం మలేరియా మెదడుకెక్కితే అచ్చం అలాగే ఉంటుంది. ఒళ్లు కాలిపోవడం, మూర్ఛ, పొంతన లేని మాటలు, తర్వాత స్పృహ లేకపోవడం. వేలి చివర ఒక్క రక్తపుబొట్టు తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. డోలీలో రోడ్డుకు దించుతుంటే ఆమె ఎదురెళ్లి పరీక్ష చేసింది. కిట్ మీద గీత పడింది. మాత్రలు ఆమె సంచిలోనే ఉన్నాయి. మింగే స్థితి దాటిపోయింది. ఆసుపత్రి చేరకముందే పిల్లాడు పోయాడు.

ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టారు. తాత ఇల్లు వెతికారు. చూరులో బొమ్మ దొరికింది. సూదులు వానచెమ్మకు తుప్పుపట్టి ఉన్నాయట.

సినిమావాళ్లు ఇచ్చిన బొమ్మ అని తాత మొత్తుకున్నాడు. వీడియో తీసిన సినిమా ఏది, ఆ సినిమావాడెక్కడ అన్నారు. కుర్రాడు భయపడి నాకు ఫోన్ చేశాడు. మూడుసార్లు. నేను కథ కూర్చుతున్న గదిలో ఉన్నాను, ఫోన్ మూగబెట్టి. రాత్రి చూసుకున్నాను. డబ్బులకోసం అయి ఉంటుందనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత తీరిగ్గా చేస్తే ఎత్తలేదు. బొమ్మ కుట్టడం, ప్రశ్న అడగడం తెలియక చేశానని నాకు నేను చెప్పుకోగలను. ఈ మూడు కాల్స్ విషయంలో అలా చెప్పుకోలేకపోతున్నాను. ఆ రాత్రి నా గొంతు స్పీకర్లో వినబడి ఉంటే, ఆ బొమ్మ నాది అని ఒక్క మాట అని ఉంటే.

ఏజెన్సీలో పాతరోజుల్లో చిల్లంగి పెట్టాడన్నవాడి ముందరి పళ్లు ఊడగొట్టేవారని పెద్దవాళ్లు చెబుతారు. పళ్లు లేని నోట మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. ఆ రాత్రి ఇద్దరు కుర్రాళ్లు కటింగ్ ప్లేయరు తెచ్చారు. ఒక పెద్దాయన అడ్డుపడి, తెల్లారేలోపు ఊరు విడిచి పోవాలని తీర్పు చెప్పి ఆపాడు. తాతను కొట్టారు. కుడిచెయ్యి వాచింది. చీకట్లోనే ముసలమ్మను తీసుకుని, మేకలను విడిచిపెట్టి, రాజవొమ్మంగి వైపు కూతురింటికి నడిచివెళ్లిపోయాడు.

ఇదంతా నాకు నవంబరులో తెలిసింది, మూడోసారి చేసిన ఫోన్‌కు కుర్రాడు పలికినప్పుడు. కథ వెనక్కి తీసుకున్నాను, అడ్వాన్సు తిరిగిచ్చాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

తర్వాత నోటు పుస్తకం తీసి మొదటి నుంచి చదివాను. మొదట పేరు చెప్పిన మనిషి గురించి ఇలా రాసుకున్నాను: “గొంతు తగ్గించాడు. కళ్లలో భయం. సీన్ 14కి వాడాలి.” దాని కిందే, అదే రోజు, నా చేతిరాతలోనే ఇంకో రెండు వాక్యాలున్నాయి. “వీళ్ల తోటా తాత తోటా ఆనుకుని ఉన్నాయి. గట్టు మీది జీడిచెట్టు ఎవరిదని తగువు.” సాయంత్రం పేరు చెప్పినవాడు ఆ మనిషి చెల్లెలి మొగుడు. బోరింగు దగ్గర చెప్పిన కుర్రాడు తన మాటగా ఏదీ చెప్పలేదు, ఫలానా ఆయన చెప్పాడు అన్నాడు, ఆ ఫలానా ఆయన మొదటివాడే. అన్నీ రాసుకున్నాను. ముగ్గురు సాక్షులనుకున్నది ఒకే నోరు. ఏ నేరకథ రాయడానికి కూర్చున్నా మొదట వేసుకునే ప్రశ్న, దీనివల్ల లాభం ఎవరికి అని. అది అడగడానికి నాకు ఆ రోజు అడ్డొచ్చింది కళ్లలో భయం, సీన్ 14.

చదవాల్సినవి అప్పుడు చదివాను. 1980ల్లో మెదక్ వైపు బాణామతి పేరున మనుషుల మీద దాడులు జరుగుతుంటే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు, డాక్టర్లు ఊళ్లు తిరిగారు. బాణామతి అన్నచోట వెతికి చూస్తే వైద్యం అందని రోగాలు, మనసుకు పట్టిన బాధలు, పాత తగువులు బయటపడ్డాయి. కొండకు అవతలి ఒడిశాలో మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని శిక్షించడానికి 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చుకున్నారు. నేను తిరిగిన కొండల వరసకు ఆ చివరే అది. కొయ్యూరు బస్సెక్కే ముందు ఒక వారం కూర్చుంటే ఇవన్నీ నాకు దొరికేవి. ఆ వారం ‘స్కెలిటన్ కీ’ మూడోసారి చూశాను.

ఆ సినిమా ఇప్పుడు నాకు వేరేగా కనబడుతోంది. చివర్లో తెలిసేదేమిటంటే, ఆ విందు రాత్రి దొరలు ఉరితీసిన శరీరాల్లో ఉన్నది పనివాళ్లు కాదు. పనివాళ్లు అప్పటికే పిల్లల శరీరాల్లోకి మారిపోయారు. గుంపు చంపుకున్నది తమ పిల్లల్నే. ఈ మలుపును నేను తెలివైన ట్విస్టుగా మాత్రమే చూశాను, గుంపు చేతికి ఎప్పుడూ అసలు మనిషి చిక్కడన్న సంగతి అందులోనే ఉన్నా పట్టలేదు. ‘విరూపాక్ష’లోనూ ఊరు కలిసి ఒక జంటను తగలబెట్టడం దగ్గరే కీడంతా మొదలవుతుంది. ఈ సినిమాలు తీయొద్దని నేను అనను. భయపడడానికి కథలు కావాలి, నాకూ ఇష్టమే. ఈ తరహా కథకు ఒక కట్టుబాటు ఉంది. అనుమానం చివరికి నిజం కావాలి, మంత్రం పనిచెయ్యాలి. టికెట్టు కొన్నవాడికి అది చెల్లుతుంది. అదే కట్టుబాటును నేను లైటూ బొమ్మా పట్టుకుని, మనుషులు కాపురముంటున్న ఊళ్లోకి మోసుకెళ్లాను. నమ్మినవాడికే తగులుతుందని ఆ సినిమా అంటుంది. కొయ్యూరులో తగిలింది తాతకు. ఆయన నమ్మలేదు. పక్కవాళ్లు నమ్మితే చాలింది. పిల్లాడికైతే నమ్మే వయసు కూడా లేదు.

2024 ఫిబ్రవరిలో రాజవొమ్మంగి వైపు వెళ్లాను. రాజమహేంద్రవరం నుంచి కొండల మీదుగా విజయనగరం దాకా వేస్తున్న జాతీయ రహదారి పనులు దారిపొడవునా సాగుతున్నాయి, దుమ్ము. కూతురింటి చావడిలో తాత కూర్చుని ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు మడత పడడం లేదు, చీపురు కట్టలేకపోతున్నాడు. కాళ్ల దగ్గర కూర్చున్నాను. చేసిందంతా వరసగా చెప్పాను, మూడు కాల్స్‌తో సహా. ముసలమ్మ లోపలికి వెళ్లిపోయింది, నేనున్నంతసేపూ బయటికి రాలేదు. తాత చాలాసేపటికి, “ఆ వీడియో తీసేయగలవా బాబూ?” అన్నాడు. నా ఫోన్లోది ఎప్పుడో తీసేశానన్నాను. “నీది కాదు. వాళ్ల ఫోన్లలోది” అన్నాడు. తీయలేను తాతా అన్నాను.

కేసు పెడదాం, నేను సాక్ష్యం చెబుతాను అన్నాను. ఊరితో కేసేటి, కూతురు ఇక్కడ బతకాల కదా అన్నాడు. పోడు భూమికి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా పెట్టెలోంచి తీయించి చూపించాడు. ఆయన పేరూ, ముసలమ్మ పేరూ ఉన్నాయి. ఆ భూమి అమ్మడానికి లేదు, పిల్లలకు చెందుతుంది. దాని నకలు జతచేసి అధికారులకు నేను అర్జీ రాశాను, బొమ్మ ఎవరిదో అందులో నా పేరుతో, సంతకంతో రాశాను. ఒక ప్రతి ఆ ఊరి పెద్దకు చేతికిచ్చాను. పిల్లాడి తండ్రి దగ్గరికీ వెళ్లాను. ఆయన నా మాట మొత్తం విన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. లేచి మేకల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

తాత నన్ను పంపేటప్పుడు ఒకే పని అప్పజెప్పాడు. తోట మీదుగా వెళ్లి, చెట్లు పూతకొచ్చాయో లేదో చూసి చెప్పమన్నాడు. పద్దెనిమిది చెట్లు, గట్టు మీదిదాంతో కలిపి అన్నాడు.

వెళ్లాను. జీడిపూత బాగా వచ్చింది, గాలి నిండా ఆ వాసన. కింద ఎండుటాకులు ఎవరో ఊడ్చి శుభ్రం చేసి పెట్టారు. ఒక్కో చెట్టు మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. పదిహేడు వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. గట్టు ఉండాల్సిన చోట గట్టు లేదు, కొత్తగా వేసిన ముళ్లకంచె నాలుగు అడుగులు ఇవతలికి వచ్చి ఉంది. కంచెకు అవతల, నేలకు జానెడు ఎత్తున, నరికిన మొదలు కనిపించింది. దాని అంచున ఎర్రటి జిగురు ఇంకా కారుతోంది.